ఆట సరదాగా లేకపోతే తప్పా?

ప్రశ్న: మాది రావులపాలెం. బీటెక్ చదువుతున్నాను. 2022 జూలై వరదలో లంకలో మా తాతయ్య అరటితోట మునిగిపోయింది. దాని మీద చిన్న కంప్యూటర్ గేమ్ చేశాను. పడవలో గెలలు దాటిస్తే పాయింట్లు వస్తాయి. ఆడిన స్నేహితులంతా బోరన్నారు. మానేయమంటారా?

జవాబు: మానొద్దు. ముందు ఆ పాయింట్లు తీసేయండి. స్కోరు కనబడగానే ఎవరైనా గెలుపే చూస్తారు, తాతయ్యను చూడరు. మీరు చెప్పదలచింది నష్టం, పెట్టిందేమో పందెం. రెంటికీ పొత్తు కుదరలేదు.

జేసన్ రోరర్ 2007లో చేసిన ‘పాసేజ్’ అనే గేమ్ ఐదు నిమిషాల్లో అయిపోతుంది. అందులో తోడు దొరికాక ఇరుకు దారుల్లోకి ఇద్దరూ పట్టరు. సంసారం గురించి ఒక్క డైలాగు లేదు, ఆ నియమమే చెబుతుంది. మీ పడవకూ అలాంటి నియమమే కావాలి. ఒడ్డున గెలలతోపాటు ఒక దూడనూ ఉంచండి. గెలలు ఎక్కిస్తే దూడకు చోటుండదు, దూడను ఎక్కిస్తే గెలలు పోతాయి. ఏం చేసినా నీళ్లు మాత్రం ఆగవు. పది నిమిషాలు దాటనివ్వకండి.

తాతయ్య మాటలు మన యాసలోనే ఉంచండి. గేమ్‌లు తయారుచేసే ట్వైన్, గోడో 4 రెండూ ఉచితమే, వాటిలో తెలుగూ రాసుకోవచ్చు. ఒత్తులు విడిపోతే ఫాంటు మార్చి చూడండి.

తర్వాత వరద చూసినవాళ్ల చేత ఆడించండి. పక్కన కూర్చుని నోరు మెదపొద్దు (అన్నిటికన్నా ఇదే కష్టం). ‘బాగుందా’ అని కాదు, ‘ఎక్కడ ఆగి ఆలోచించారు’ అని అడగండి. బయటపెట్టేముందు తాతయ్య ఒప్పుకోవాలి.

ఇది చేస్తుంటే మీకు నిద్ర పట్టకపోయినా, వరద మాటెత్తితే తాతయ్య కుంగిపోతున్నా గేమ్ పక్కన పెట్టి మానసిక వైద్యుణ్ణి కలవండి. టెలి మానస్ హెల్ప్‌లైన్ 14416కు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.