ఎంబ్రాయిడరీ మెషీన్: కొత్తదా, వాడినదా?

ఎంబ్రాయిడరీ మెషీన్ కొత్తదానికీ వాడినదానికీ తేడా ధరలోనే లేదు. అది మొరాయించినప్పుడు ఎవరిని నిలదీయవచ్చన్న దగ్గర అసలు తేడా ఉంది. దేవరకొండ, మిర్యాలగూడ, జడ్చర్ల, నారాయణపేట లాంటి ఊళ్లలో బ్లౌజులకు కంప్యూటర్ వర్క్ చేసే చిన్న దుకాణానికి ఇదే ముఖ్యం. ఉన్న ఒక్క సింగిల్ హెడ్ మెషీన్ పెళ్లిళ్ల రోజుల్లో ఆగితే ఇంటి రాబడి కూడా ఆగుతుంది.

ముందు తేలాల్సింది, కొన్నవారు చట్టం దృష్టిలో వినియోగదారులా కాదా అన్నది. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 వ్యాపారం కోసం కొన్నవారిని పక్కన పెట్టింది. అయితే స్వయం ఉపాధితో బతకడానికే కొని, తామే నడుపుకొనేవారిని వినియోగదారులుగానే చూసింది. 1995లో లక్ష్మీ ఇంజినీరింగ్ వర్క్స్ కేసులో సుప్రీంకోర్టు టైప్‌రైటర్‌ను ఉదాహరణగా చూపింది. దాన్ని కొని, తానే టైపు చేస్తూ బతికే మనిషి వినియోగదారుడే. సాయానికి ఒకరిద్దరిని పెట్టుకున్నా ఆ హక్కు పోదు. కాబట్టి సొంతంగా మెషీన్ మీద కూర్చునే మహిళ వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. పది మెషీన్లు పెట్టి, జీతగాళ్లతో నడిపించే యజమానికి మాత్రం సివిల్ కోర్టే దారి. బతుకుతెరువు కోసమే కొన్నామన్న మాట ఫిర్యాదులో స్పష్టంగా ఉండాలి. అది లేక వీగిపోయే కేసులు ఉంటాయి.

కొత్త మెషీన్‌కు వారంటీతో పాటు వస్తు విక్రయ చట్టం, 1930లోని 16వ సెక్షన్ కూడా అండగా నిలుస్తుంది. ఏ పనికి కావాలో చెప్పి, డీలర్ అనుభవాన్ని నమ్మి కొంటే, మెషీన్ ఆ పనికి పనికిరావాలన్నది రాయకపోయినా షరతే. బ్రాండు పేరు మాత్రమే చెప్పి కొన్నవారికి ఈ రక్షణ దక్కకపోవచ్చు. అందుకే పట్టు బ్లౌజుల మీద జరీ దారంతో కుట్టాలన్న అవసరాన్ని కొటేషన్‌లోనే రాయించుకోవాలి. బిల్లు కూడా అడిగి తీసుకోవాలి. అది ఇవ్వకపోవడం చట్టరీత్యా అనుచిత వ్యాపార పద్ధతి.

వాడిన మెషీన్ దగ్గర చిక్కు ఎక్కువ. 16వ సెక్షన్ అలాంటి సరుకు అమ్మకమే వృత్తిగా ఉన్నవారికి వర్తిస్తుంది. దుకాణం మూసేస్తూ తన మెషీన్ అమ్ముకునే పక్క ఊరి టైలర్‌కు అది వర్తించదు. పైగా కొనేవారు పరీక్షించి తీసుకుంటే, ఆ పరీక్షలో కనబడాల్సిన లోపం గురించి తర్వాత అడగడానికి వీలుండదు. పరీక్ష మానేయమని దీని అర్థం కాదు. అన్ని సూదులూ వాడే డిజైన్‌ను ఎదుటే గంటసేపు నడిపించాలి. దారం తెగుతోందా, రంగు సరిగా మారుతోందా, ఫ్రేమ్ జరుగుతోందా చూసి వీడియో తీసుకోవాలి. తెలిసిన లోపాన్ని అమ్మినవారు కావాలని కప్పిపుచ్చితే అది కాంట్రాక్టు చట్టం, 1872 ప్రకారం మోసం.

అప్పు సంగతి ఇంకా ప్రమాదకరం. బ్యాంకు రుణంతో కొన్న మెషీన్‌ను అప్పు తీరకుండా అమ్మితే, బ్యాంకు వచ్చి కొన్నవారినే అడగవచ్చు. అసలు బిల్లు, బాకీ లేదన్న బ్యాంకు లేఖ చూడకుండా డబ్బు ఇవ్వకూడదు. మెషీన్‌తో పాటు ఉచితమంటూ వచ్చే డిజైనింగ్ సాఫ్ట్‌వేర్ కూడా తేలిక విషయం కాదు. అది దొంగ కాపీ అని తెలిసీ వాడితే కాపీరైట్ చట్టం 63బి సెక్షన్ కింద 7 రోజుల నుంచి 3 ఏళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల వరకు జరిమానా ఉన్నాయి.

అందువల్ల వాడినదాన్ని తెల్ల కాగితం మీదైనా రాసుకునే కొనాలి. మెషీన్ సీరియల్ నంబరు, ధర, చెప్పిన లోపాలు, అప్పు లేదన్న హామీ, ఇద్దరి సంతకాలు అందులో ఉండాలి. డబ్బు బ్యాంకు ద్వారానే వెళ్లాలి. అంత రాతకు ఒప్పుకోనివారి దగ్గర ఎంత చవకైనా కొనకపోవడమే మంచిది.

లోపం బయటపడితే ఊరి మెకానిక్‌తో విప్పించే ముందు అమ్మినవారికి రాతపూర్వకంగా తెలియజేయాలి. విప్పిన తర్వాత లోపం ఎవరిదో నిరూపించడం కష్టం. వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదుకు గడువు 2 ఏళ్లు. చెల్లించిన ధర 5 లక్షల రూపాయల లోపైతే ఫీజు లేదు. డీలర్ హైదరాబాద్‌లో ఉన్నా, సూరత్‌లో ఉన్నా కొన్నవారు తాము నివసించే జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా న్యాయవాదిని ఇస్తుంది. ఆ సహాయం కోసం ఫోన్ చేయాల్సిన నంబరు 15100.