ఊరిలో గానుగ పెట్టబోవు మనుమనికి



బెంగుళూరు కొలువు విడిచి వచ్చి, మన వీధిలో చెనక్కాయ నూనె గానుగ నెలకొల్పి, పెంచిన ఊరి ఋణము తీర్చుకొనవలెనను నీ సంకల్పమును చదివి మిక్కిలి సంతోషించితిని. కాని లాభమే అక్కరలేదనియు, పేదలకు పడిన వెలకంటె తక్కువకే ఇత్తుననియు వ్రాసిన మాటకు మాత్రము నేను సమ్మతింపజాలను. నష్టమునకు అమ్ము అంగడి ఎంతో కాలము నిలువదు; మూతపడిన అంగడివలన ఊరికి ఒరుగునది ఏమి?

వానలు చాలని మన అనంతపురము సీమలో, ఎఱ్ఱనేలలను నమ్ముకొని మనవారు పండించు కాయ మూటలకెక్కి పరస్థలములకు పోవుచుండగా, ఆ రైతు ఇంటి పొయ్యిమీదికే పొట్లపు పామాయిలు ఎక్కడినుండియో వచ్చుచున్నది. దేశము వాడు వంటనూనెలో సగమునకు పైగా దిగుమతియే. ఈ విపరీతమును మన వీధిమట్టునకైనను సరిదిద్దుటయే నీవు చేయదగిన సేవ. అది దానముచేత కాదు, సరియైన లెక్కచేత జరుగవలెను.

ఆ లెక్క వినుము. 100 కిలోల కాయ ఒలిచిన సుమారు 70 కిలోల పప్పు వచ్చును. అందుండి కఱ్ఱగానుగలో 28 కిలోలకు అటునిటుగా నూనె దిగును. మిగిలిన పిండికై పాడిపశువులున్నవారు తామే వత్తురు. ఆ పిండి రాబడిని విడిచి నూనెకు వెల కట్టితివా, కొనువానిపై అన్యాయపు భారము మోపినవాడవగుదువు.

కొనునపుడు గుప్పెడు కాయ తీసి చెవియొద్ద ఆడించుము. బాగుగా ఎండిన కాయలో పప్పు గలగలలాడును. పిమ్మట నాలుగు కాయలు చిదిపి చూడుము. బూజు పట్టిన పప్పులో అఫ్లాటాక్సిన్ అను విషము పుట్టును గనుక, ఇచ్చువాడు మన బంధువే అయినను మొగమాటపడి తీసికొనకుము. చెమ్మ మాత్రమే ఉన్నచో ఆరబెట్టి తెమ్మనుము. అయితే తూకములో తరుగు తీయకుము, రొక్కము మఱునాటికి వాయిదా వేయకుము. మన రైతులు నలిగినది ఆ రెంటివలననే; నీ గానుగ గడపవద్ద ఆ రెండును లేకపోవుటకంటె పెద్ద ఉపకారము నేనెఱుగను.

నూనెను రెండుమూడు దినములు కదలనీయక తేర్చి, పైతేట వడగట్టి, ముద్రవేసిన సీసాలలోనే అమ్ముము. ప్రభుత్వము ప్రత్యేకముగా మినహాయించిననే తప్ప విడినూనె అమ్మకము చట్టము ఒప్పదు. చిన్న ఆహారపరిశ్రమలకు వ్యయములో 35 శాతము, 10 లక్షలకు మించకుండ, రాయితీ ఇచ్చు పథకమొకటి 2020లో కేంద్రము ఆరంభించినది. అది ఇంకను అమలులో నున్నదో, నీకు వర్తించునో బ్యాంకులో విచారింపుము.

కూలినాలి చేసికొనువారికి అరువు తప్పదు. ఇంటికి ఇంతయని హద్దు పెట్టి, వారి యెదుటనే పద్దు వ్రాసి చదివి వినిపింపుము. కార్తీకమునకు కాయ కల్లములకు చేరును. యంత్రము చిన్నదైనను సరే, ఆలోపల మూడు నెలల సరుకు కొనుటకు చాలినంత రొక్కము చేతనుంచుకొనుము.

ఇట్లు,
మీ తాత