ఆర్థర్ సి. క్లార్క్ : శాస్త్రకల్పన, చలచ్చిత్రము

వైజ్ఞానిక కల్పనకు భవిష్యద్దర్శనమే ప్రమాణమా యను ప్రశ్న విమర్శలో తరచుగా తలయెత్తుచుండును. దానిని పరీక్షించుటకు ఆర్థర్ సి. క్లార్క్ కృషికంటె తగిన నిదర్శనము దొరకుట యరుదు. ఇతడు 1917 డిసెంబరు 16వ తేదీన ఇంగ్లండులోని మైన్‌హెడ్ పట్టణమున జన్మించెను. రెండవ ప్రపంచయుద్ధమున వైమానికదళమునందు రాడార్ పనిచేసి, అనంతరము లండను కింగ్స్ కళాశాలలో గణిత భౌతికశాస్త్రములు చదివెను.

1945 అక్టోబరు 'వైర్‌లెస్ వరల్డ్' పత్రికలో ఇతడొక వ్యాసము ప్రకటించెను. భూమధ్యరేఖపై సుమారు 36,000 కిలోమీటర్ల యెత్తున తిరుగు ఉపగ్రహము నేలమీదివారికి నిశ్చలముగా గోచరించును. అట్టివి మూడున్నచో ప్రపంచమంతటికిని ప్రసారము లందింపవచ్చును. ఆ కక్ష్యను పూర్వులును ఊహించియుండిరి; దానిని ప్రపంచప్రసారమునకు గణితబద్ధమైన పథకముగా రూపొందించుట ఇతని పని. అయితే ఆ కేంద్రములందు మనుష్యులు కాపురముండవలెనని ఇతడు తలచెను. ట్రాన్సిస్టరు ఇంకను పుట్టలేదు. కాలిపోయిన వాల్వులను మార్చువాడొకడు కావలెను గదా! 1963లో సిన్‌కామ్ ఉపగ్రహము మనుష్యుడు లేకయే ఆ పని నెరవేర్చెను.

1956లో ఇతడు సింహళమునకు వచ్చి స్థిరపడెను. సముద్రగర్భ సంచారమం దభిరుచియే అందులకు ముఖ్యకారణము. 1975 ఆగస్టు మొదలు ఒక సంవత్సరము అమెరికా ఉపగ్రహముద్వారా భారతదేశమున ఆరు రాష్ట్రములలోని సుమారు 2,400 గ్రామములకు టెలివిజన్ ప్రసారములు జరిగినవి. ఆ రాష్ట్రములలో ఆంధ్రప్రదేశ మొకటి, ఆ భాషలలో తెలుగొకటి. భారత అంతరిక్ష పరిశోధన సంస్థవారు కొలంబోలోని ఇతని యింటను ఒక గ్రాహకయంత్రమును నెలకొల్పిరి. తాను లెక్కకట్టిన విషయమును ముప్పది యేండ్లకు తన ముంగిట చూచుకొను భాగ్యము రచయితలలో ఎందరికి కలుగును?

కాని ఫలించిన ఆ వ్యాసము కల్పన కాదు. కల్పనలలో శ్రేష్ఠమైన 'చైల్డ్‌హుడ్స్ ఎండ్' (1953) పరీక్షకు నిలుచు జోస్యమేదియు చెప్పదు. మానవజాతి శైశవము ముగియుటలోని విషాదమే దాని ప్రాణము. 'ది ఫౌంటెన్స్ ఆఫ్ పారడైజ్' (1979) నందు ఆకాశమునకు నిచ్చెనవంటి యంత్రము కలదు. దానికొరకు రచయిత లంకాద్వీపమునే భూమధ్యరేఖకు జరిపి, తాప్రొబేన్ అని పేరుపెట్టెను. సీగిరి కాశ్యపుని పోలిన రాజునకు కాళిదాసను పేరిడుట మన చెవికి వింతగా తోచును.

చలచ్చిత్రరచనలో ఇతని స్థానము వేరు. 1948లో వ్రాసి 1951లో ప్రకటించిన 'ది సెంటినల్' కథ బీజముగా, 1964 నుండి స్టాన్లీ క్యూబ్రిక్‌తో కలసి '2001: ఎ స్పేస్ ఒడిస్సీ' చిత్రమును, నవలను ఏకకాలమున నిర్మించెను. రెండును 1968లో వెలువడినవి. చిత్రకథ ఇరువురి పేరను, నవల క్లార్క్ పేరను ఉన్నవి. తొలుత ఉద్దేశించిన వ్యాఖ్యానమును క్యూబ్రిక్ తొలగించెను. నవలలో వాచ్యమైనది చిత్రమున ధ్వనిమాత్రమైనది; ధ్వనివాదమెరిగిన మనవారికి ఈ రెండింటిని పక్కపక్కన చదువుట మంచి అభ్యాసము. నవలలో నౌక శనిగ్రహమునకు పోవును, చిత్రములో బృహస్పతికి. 1982లో ఉత్తరభాగమైన '2010'ను వ్రాయునపుడు క్లార్క్ తన నవలను విడిచి చిత్రమునే అనుసరించి, కథను బృహస్పతియొద్దనే సాగించెను.