గట్టు మీద గుర్రం, గుమ్మంలో కుక్క: చేయవలసినవి - చేయకూడనివి

కైకలూరు, మండవల్లి, కలిదిండి, ముదినేపల్లి మండలాల్లో చేపల చెరువు పక్కన కాస్త జాగా మెరక చేసి, ఒకటి రెండు గుర్రాలు, నాలుగు కుక్కలు పెంచి, నడక రాని, మాట రాని పిల్లలకు వాటి చెలిమి అందించాలనుకునేవారి కోసం ఈ సూచనలు. ఆలోచన మంచిదే. పోలియోతో మోకాళ్ల కింద కాళ్లు పడిపోయిన లిస్ హార్టెల్ అనే డెన్మార్క్ మహిళ 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో గుర్రపుస్వారీలో రజతం గెలిచాక, స్వారీతో చికిత్స అనే మాట లోకం చెవిన గట్టిగా పడింది. కాకపోతే మన నేల వేరు. కొల్లేటి నేల చేపకు పుట్టిల్లు, గుర్రం పొడినేల జంతువు. ఇక్కడ ప్రమాదం గుర్రం తన్నుకన్నా, కుక్క కాటుకన్నా ముందే బురదలోనో, తవుడు బస్తాలోనో, ఏరియేటరు వైరులోనో మొదలవుతుంది. ఈ కాగితాన్ని శాల గోడకు అంటించండి. చదవలేని పనివారికి చదివి వినిపించండి.

చేయవలసినవి

స్థలం, నీరు

• శాల కట్టేముందు ఆ సర్వే నంబరు కొల్లేరు అభయారణ్యం +5 కాంటూరు లోపల ఉందో లేదో రెవెన్యూ, అటవీ శాఖల దగ్గర తేల్చుకోండి. 1999లో అభయారణ్యంగా ప్రకటించిన నేల అది.

• శాల నేలను పక్క గట్టుకన్నా మోకాలెత్తు మెరక చేయండి. కంకర పరిచి పైన ఇసుక పోయండి.

• వానాకాలానికి ముందే వారం రోజుల ఎండుగడ్డి, దాణా అటక మీదికి చేర్చండి.

• బుడమేరుకో తమ్మిలేరుకో వరద అని విన్న రోజే జంతువుల్ని తరలించండి. ఆ నీళ్లన్నీ కొల్లేటికే చేరతాయి, సముద్రానికి పోయే దారి ఉప్పుటేరు ఒక్కటే.

• 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు మీ జాగాలో నీరు ఎందాకా వచ్చిందో స్తంభం మీద ఎర్రరంగు గీత గీసి ఉంచండి. వరద కబురు ముందుగా అందకపోయినా, గీతకు జానెడు కిందికి నీరు రాగానే బయలుదేరండి.

• గుర్రాన్ని లారీ ఎక్కించే అలవాటు ఎండాకాలంలోనే చేయించండి. చీకట్లో, వానలో మొదటిసారి ఎక్కమంటే ఎక్కదు.

• పెదఎడ్లగాడి దగ్గర రోడ్డు మునిగితే ఏలూరు దారి మూసుకుపోతుంది. గుడివాడ వైపు రెండో దారి ముందే చూసి పెట్టుకోండి.

గుర్రం

• కొనేముందు రక్తపరీక్ష చేయించండి. గ్లాండర్స్ మనుషులకూ సోకుతుంది, 2009 చట్టం కింద తప్పక తెలియజేయాల్సిన జబ్బు. పెళ్లి ఊరేగింపుల్లో తిరిగిన గుర్రమైతే ఇంకా జాగ్రత్త. నమూనాను పశువైద్యుడి ద్వారా హిసార్‌లోని జాతీయ అశ్వ పరిశోధన కేంద్రానికి పంపించండి.

• ధనుర్వాతం టీకా వేయించండి. పెంపుడు జంతువుల్లో గుర్రానికే అది సులువుగా పట్టుకుంటుంది, మేకు గుచ్చుకుంటే చాలు.

• రోజూ రెండు పూటలా నాలుగు డెక్కలూ ఎత్తి చూడండి. డెక్క అడుగున మధ్యలో త్రికోణంలా మెత్తటి భాగం ఉంటుంది. దాని రెండు పక్కల గాళ్లలో మట్టిని మొద్దు మొన ఉన్న డెక్క కొక్కెంతో మడమ వైపు నుంచి మొన వైపుకు లాగి తీయండి. నల్లటి జిగురు కనిపించి కుళ్లిన వాసన వస్తే డెక్క చీకిపోతోందని అర్థం. కడిగి, పూర్తిగా ఆరబెట్టి, పశువైద్యుడికి చూపించండి.

• ఎండుగడ్డి ఎక్కువ, దాణా తక్కువ పెట్టండి. 300 కిలోల గుర్రానికి రోజుకు 6 కిలోల వరకు మేత సరిపోతుంది.

• ఉలవలు నానబెట్టి, ఉడికించి, చల్లార్చి పెట్టండి.

• రోజుకు కనీసం 25 లీటర్లు మంచినీళ్లు, నాకడానికి ఉప్పుగడ్డ అందుబాటులో ఉంచండి. మే నెలలో నీళ్లు ఇంకా పెంచండి.

• జోరీగలు ముసిరే వేళల్లో గుర్రాన్ని దోమతెర కట్టిన శాలలో ఉంచి ఫ్యాను వేయండి. అవి సర్రా జబ్బును మోసుకొస్తాయి. తింటూనే చిక్కిపోవడం, వచ్చిపోయే జ్వరం, పొట్ట కింద వాపు దాని గుర్తులు.

• వేసవిలో స్వారీ ఉదయం 8 లోపు ముగించండి. మన ఉక్కలో కొన్ని గుర్రాలకు చెమట పట్టడం ఆగిపోతుంది. ఒళ్లు పొడిగా ఉండి ముక్కుపుటాలు ఎగరేస్తుంటే వెంటనే నీడకు తెచ్చి, ఒళ్లంతా తడిసేలా నీళ్లు ఆపకుండా పోయండి.

పిల్లలు

• ముందుగా పిల్లల డాక్టరు, ఫిజియోథెరపిస్టు రాతపూర్వకంగా సరే అన్నాకే గుర్రం ఎక్కించండి.

• డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లలకు మెడ ఎముకల ఎక్స్‌రే తీయించి డాక్టరుకు చూపించండి. మెడలో పట్టు సడలి ఉంటే కుదుపు వెన్నుపాము మీద పడుతుంది.

• ఒక బిడ్డకు ముగ్గురు పెద్దల్ని పెట్టండి. ఒకరు పగ్గం పట్టాలి, ఇద్దరు చెరో పక్క నడవాలి.

• స్వారీ హెల్మెట్ పెట్టి, గడ్డం పట్టీ కింద రెండు వేళ్లు పట్టేంత బిగువు చూడండి.

• మడమ ఉన్న బూట్లు తొడిగించండి. పాదం రికాబులోంచి దూరిపోతే పడ్డ బిడ్డను గుర్రం ఈడ్చుకుపోతుంది.

• గుర్రాన్ని కొస లాగితే ఊడే ముడితోనే కట్టండి.

• గుర్రానికి ముక్కు ఎదురుగా, తోక వెనక కనబడదు. దాని భుజం వైపు నుంచే, పిలుస్తూ దగ్గరికి రమ్మని పిల్లలకు నేర్పండి.

• చెవులు వెనక్కి వాలినా, తోక విసురుగా ఆడినా, దవడ బిగిసినా స్వారీ అక్కడే ఆపండి.

• బిడ్డ ఏడిస్తే దింపండి. నచ్చజెప్పి ఎక్కించకండి.

• పక్క చెరువుల వారితో ముందే మాట్లాడండి. పక్షుల్ని తోలడానికి వారు టపాసులు ఎప్పుడు కాలుస్తారో, పట్టుబడి లారీలు ఎప్పుడు వస్తాయో తెలుసుకుని ఆ వేళలు తప్పించండి.

కుక్కలు

• మూడో నెలలో రేబిస్ టీకా, తర్వాత బూస్టరు, ఆపై ఏటా టీకా వేయించండి. కార్డు పెట్టెలో భద్రపరచండి.

• లెప్టోస్పైరోసిస్ టీకా కూడా వేయించండి. గట్టు ఎలుకల మూత్రం కలిసిన నీటిలో కుక్క దిగితే ఆ జబ్బు దానికి, దాని నుంచి మనకూ వస్తుంది.

• వారానికి రెండుసార్లు చెవుల లోపల, వేళ్ల సందుల్లో గోమార్లు వెతికి తీయండి.

• పిల్లల దగ్గరికి తీసుకెళ్లేముందు కుక్కను కాసేపు పరిగెత్తించి, నీళ్లు తాగించండి. పిల్లలతో ఉండేది 20 నిమిషాలు చాలు.

• కుక్కకు పిల్లలు పోలేని చోటు ఒకటి ఉంచండి. అది అక్కడికి పోతే పోనివ్వండి.

ఆపద వేళ

• కుక్క కరిచినా, గీరినా, గాయాన్ని నాకినా సబ్బుతో పారే నీటి కింద 15 నిమిషాలు కడగండి. గడియారం చూసి మరీ కడగండి. తర్వాత ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి.

• టీకా తేదీలు ఒక్కటీ తప్పించకండి. చర్మంలో వేసే పద్ధతిలో అవి 0, 3, 7, 28 రోజులు. గాయం లోతైతే ఇమ్యూనోగ్లోబులిన్ కావాలేమో డాక్టరును అడగండి.

• పాముకాటుకు గురైన వారిని కదలనివ్వకుండా పడుకోబెట్టి 108కి ఫోను చేయండి. కట్లపాము కాటు నొప్పి తెలియకపోవచ్చు. నేల మీద నిద్రపోయిన పనివాడు తెల్లారి కళ్లు తెరవలేకపోతున్నా, కడుపునొప్పి అన్నా పాముకాటే అనుకుని ఆసుపత్రికి తరలించండి.

• గుర్రం పదేపదే పడుకుని దొర్లినా, పక్కటెముకల వైపు తిరిగి చూసుకున్నా, పేడ ఆగినా శూల అనుకోండి. దాణా తీసేసి, పశువైద్యుడిని పిలవండి. 1962కి ఫోను చేయండి. పెద్ద చికిత్స అవసరమైతే గన్నవరం ఎన్టీఆర్ పశువైద్య కళాశాలకు ఎలా చేరాలో ముందే మాట్లాడి ఉంచుకోండి.

చేయకూడనివి

మేత

• కోళ్ల దాణా గుర్రానికి ఒక్క గుప్పెడు కూడా పెట్టకండి. తాడేపల్లిగూడెం, తణుకు వైపు నుంచి వచ్చే బస్తాల్లో కాక్సిడియా మందు కలిసి ఉండవచ్చు. మొనెన్సిన్ లాంటి మందు కోడికి మేలు చేస్తుంది, గుర్రం గుండెను ఆపేస్తుంది. దాణా గదులు వేరు చేయండి. ఖాళీ కోళ్ల దాణా సంచుల్లో ఉలవలు పోయకండి. ఈ ఒక్క జాగ్రత్త మరవకండి.

• తవుడే మేతగా పెట్టకండి. దానిలో భాస్వరం ఎక్కువ, కాల్షియం తక్కువ. కొన్ని నెలలకు ముఖం ఎముకలు ఉబ్బి, కాళ్లు కుంటుతాయి.

• గట్ల మీద పెరిగే పారాగడ్డి, నేపియర్ గడ్డి మాత్రమే మేపకండి. వాటిలోని ఆక్సలేటు కాల్షియాన్ని లాగేస్తుంది. ఎండుగడ్డి కలపండి.

• బూజు పట్టిన వరిగడ్డి విదిలించి పెట్టడం మానండి. ఆ వామును పారేయండి.

• చచ్చిన చేపల కుప్ప కుక్కకు అందనీయకండి. ఉల్లిపాయ, చాక్లెట్, ద్రాక్ష, మనుషుల నొప్పిమాత్రలు ఏవీ పెట్టకండి.

• చేపపేనుకు చెరువులో వాడే మందును కుక్కల గోమార్లకు, గుర్రాల ఈగలకు రుద్దకండి. పశువుల ఇంజెక్షన్ మిగిలిందని కుక్కకు పొడవకండి.

• శూలతో పడిన గుర్రం నోట్లో వెదురు గొట్టంతో నూనె పోయకండి. గేదెకు పోసినట్టు పోస్తే ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది. గుర్రం వాంతి చేసుకోలేదు.

• మింగలేకపోతున్న గుర్రం నోట్లో వట్టి చేయి పెట్టకండి. గుర్రానికీ రేబిస్ వస్తుంది.

గట్టు, కరెంటు

• వాన పడిన తర్వాత రెండు రోజులు గుర్రాన్ని గట్టు మీద నడిపించకండి. నల్లమట్టి అంచున కాలు జారితే చెరువులో పడుతుంది, బురద లోంచి నలుగురు లాగినా పైకి రాదు.

• ఏరియేటర్ల వైర్లు నేల మీద వదలకండి. ఎర్త్ లీకేజీ బ్రేకరు లేని మోటారు దగ్గరికి గుర్రాన్ని తీసుకురాకండి. లాడం ఉన్న కాలికి తడి నేలలో షాకు ఇంకా గట్టిగా తగులుతుంది.

• పక్షుల వలల తాళ్లు ఉన్న వైపు స్వారీ చేయించకండి. దారం కాలికి చుట్టుకుంటే గుర్రం ఆగదు.

• శాలలో పచ్చి వేపాకు పొగ పెట్టకండి. ఈగలు పోతాయి గానీ ఊపిరితిత్తులు దెబ్బతింటాయి.

• వరద ముంచుకొచ్చినప్పుడు ఏ జంతువునూ కట్టేసి పోకండి. తలుపు తీసి, పగ్గాలు ఊడదీయండి.

• ఆటపాక వైపు కుక్కలను వదలకండి. అక్కడ గూడబాతులు గూళ్లు పెడతాయి. కొల్లేరు 2002 నుంచి రామ్‌సార్ చిత్తడి నేల, పక్షుల్ని తరిమితే వన్యప్రాణి చట్టం కింద నేరం.

స్వారీ, పిల్లలు

• పగ్గాన్ని చేతికి చుట్టుకోకండి, ఎంత సాధువైన గుర్రమైనా సరే. ఒక ఉదయం పక్క చెరువులో టపాసు పేలింది, మా గుర్రం ఒక్క గంతు వేసింది. పగ్గం రెండు చుట్లు చుట్టుకున్న కుర్రాడి చూపుడువేలు గోరుతో సహా చీలింది. మడత పెట్టి గుప్పిట్లో పట్టుకోండి. గుర్రం లాగితే వదిలేయండి.

• బిడ్డను జీనుకు తాళ్లతో కట్టకండి. గుర్రం పడితే బిడ్డ దాని కింద నలిగిపోతుంది.

• బైకు హెల్మెట్ పెట్టకండి. దాని బరువుకు చిన్న మెడ వాలిపోతుంది.

• 300 కిలోల గుర్రం మీద జీనుతో కలిపి 50 కిలోలు దాటనీయకండి.

• అదుపులో లేని మూర్ఛ ఉన్న బిడ్డను ఎక్కించకండి. గుర్రాన్ని తాకనిస్తే, తోమనిస్తే చాలు.

• ఫిజియోథెరపిస్టు లేకుండా బోర్డు మీద ‘థెరపీ’ అని రాయించకండి.

• ఫోటో కోసం బిడ్డను గుర్రం కాళ్ల దగ్గర నిలబెట్టకండి, కుక్క మెడ కౌగిలించుకోమనకండి.

• తింటున్న, నిద్రపోతున్న, పిల్లలకు పాలిస్తున్న కుక్కను తాకనీయకండి.

• గుర్రుమన్న కుక్కను కొట్టకండి. గుర్రుమనడం మానేస్తే నేరుగా కరుస్తుంది.

• కుక్క కాటు మీద కారం, సున్నం, పసరు పెట్టకండి, కట్టు కట్టకండి.

• పాముకాటు మీద తాడు బిగించకండి, కోయకండి, నోటితో పీల్చకండి.

• కరిచిన కుక్కను చంపకండి. పది రోజులు కట్టి, నీళ్లు, అన్నం పెట్టి చూడండి. ఏం జరిగినా డాక్టరుకు చెప్పండి. ఈలోగా టీకాలు ఆపకండి.