లోయలో నిలిచిన మంచు

చదువవలసిన భాగములు: హోషేయ 6:1-6, యెషయా 44:21-23



డిసెంబరు, జనవరి మాసములలో అరకు, పాడేరు, లంబసింగి ప్రాంతములలో నివసించువారికి పొగమంచును గూర్చి మేము క్రొత్తగా చెప్పనక్కరలేదు. కొన్ని దినములు బారెడు ప్రొద్దెక్కినను ఎదుటి కాఫీతోట కనబడదు. అయితే అది లోయలోనే ఏల నిలుచునో ఎన్నడైన ఆలోచించితిమా?

మబ్బులేని రాత్రి నేల తన వేడిమిని విడిచి చల్లబడును. నేలనంటిన గాలియు చల్లబడి, బరువెక్కి, కొండవాలు వెంట నీరువలె మెల్లగా దిగి పల్లములో చేరును. అందలి తేమ సన్నని బిందువులై మంచగును. పైనున్న వెచ్చని గాలి మూతవలె కప్పును, చుట్టునున్న కొండలు ఈదురుగాలిని అడ్డగించును. కనుక అది కదలదు. పాడేరు దగ్గర వంజంగి కొండను తెల్లవారుజామున ఎక్కువారు తలపైన నిర్మలమైన ఆకాశమును, పాదముల క్రింద ఏకిన దూదివలె పరచుకొనిన మంచును చూచెదరు. అదే ఘడియలో క్రింది ఊరివారు ఇంకను తెల్లవారలేదనుకొందురు.

హోషేయ ప్రవక్త ఇశ్రాయేలీయుల భక్తిని ఉదయపు మంచుతో పోల్చెను. ఆ దేశమున సముద్రపు తేమవలన కలుగు మంచు ఎండ తగులగానే ఆరిపోవును. మన భక్తియు అట్టిదే. ఆరాధన ముగించుకొని సంతకు చేరులోగా కరగును. మన కక్షలు మాత్రము ఆ దేశపు మంచువంటివి కావు, మన లోయల మంచువంటివి! పొలముగట్టు తగవు, పెండ్లి పిలుపు అందలేదన్న కోపము, ఇవి పల్లము చూచుకొని దిగి, మూత పెట్టుకొని ఏండ్ల తరబడి కూర్చుండును.

యెషయా ద్వారా దేవుడు, తన ప్రజల పాపములను మబ్బు విడిపోయినట్లు తీసివేసితినని చెప్పి, తనవైపు తిరుగుడని పిలిచెను. తీసివేయుట ముందు, తిరుగుట తరువాత. ఈ వరుసను గమనించుడి. లోయలోని మంచును ఎవడును చేటతో చెరగివేయలేడు. ఎండలో చాలభాగమును మంచు వెనుకకు త్రోసివేసినను, కొంత దిగివచ్చి నేలను తాకును. నేల వెచ్చబడగా క్రిందనుండియు అంచులనుండియు మంచు పలుచబడును. మనకు వెచ్చదనము తెలియకముందే ఆ పని మొదలైయుండును.

ఘాటురోడ్డున బండి నడుపువారికి మరియొకటి తెలియును. మంచులో దీపమును ఎత్తి వేసినయెడల ఆ వెలుగు తిరిగి నడుపువాని కన్నులనే కొట్టును. దింపి వేసినవాడే దారి చూచును. కీర్తనకారుడు వాక్యమును తన పాదములకు దీపమనెను గాని, పొరుగువాని ముఖమునకు దీపమనలేదు గదా!

ఇది వ్రాయుచున్న మేమును నిర్దోషులము కాము. సంఘపు లెక్కల విషయమై ఒక సహోదరునితో రెండేండ్లు మాటలాడక, ప్రభువు బల్లకు మాత్రము క్రమముగా వచ్చుచుంటిమి. ఒక క్రిస్మసు వారమున, ఆయనయొద్దకు వెళ్లుదుమా మానుదుమా అని తర్కించుకొనుచుండగానే, వేకువను ఎవరో మా గుమ్మమున నిలిచి పిలిచిరి. మంచులో ముఖము కనబడలేదు. స్వరమునుబట్టి ఆయనయే అని గుర్తించితిమి. తలకు చుట్టుకొనిన తువ్వాలు తడిసి ముద్దయైయుండెను. లోనికి వచ్చి పొయ్యి దగ్గర కూర్చుండుమంటిమి.