వెళ్లిపోలేని పని: నేటి బానిసత్వం గురించి ఒక పాఠం



బానిసత్వం అనగానే మనకు సంకెళ్లు, కొరడా, ఓడలో తరలించిన ఆఫ్రికా ప్రజలు గుర్తుకు వస్తారు. అదంతా పాత చరిత్ర, మనకేమి సంబంధం అని అనుకుంటాము. ఆసుపత్రి పత్రికలో దీని గురించి ఎందుకు రాస్తున్నారని కూడా మీకు సందేహం కలగవచ్చు. కారణం ఉంది. నేటి బానిసత్వం చాలా ఇళ్లలోకి రోగం వచ్చిన రోజున, వైద్యానికి చేసిన అప్పు వెంట ప్రవేశిస్తుంది. ఆ అప్పు తీర్చడానికి వెళ్లిన మనిషి మరింత రోగియై తిరిగి వస్తాడు. అందువల్ల ఇది ఆరోగ్య విషయం కూడా.

బలవంతపు పని అంటే ఏమిటి?

అంతర్జాతీయ కార్మిక సంస్థ 1930లో చేసిన 29వ ఒప్పందం దీనికి అర్థం చెప్పింది. ఏదో ఒక శిక్ష చూపి భయపెట్టి, మనిషి తన ఇష్టంతో ఒప్పుకోని పనిని చేయించుకుంటే అది బలవంతపు పని. పని కష్టమైనదా, జీతం తక్కువా అన్నది మాత్రమే ప్రశ్న కాదు. "ఈ మనిషి రేపు ఉదయం ఈ పని మానేసి ఇంటికి వెళ్లగలడా?" అన్నది అసలు ప్రశ్న. వెళ్లలేకపోతే అక్కడ ఏదో ఒక తాడు ఉన్నట్టే.

అదే సంస్థ 2022లో ప్రకటించిన అంచనా ప్రకారం ప్రపంచంలో 2 కోట్ల 76 లక్షల మంది బలవంతపు పనిలో ఉన్నారు. వారిలో 33 లక్షల మంది పిల్లలు.

ఆ తాడు సాధారణంగా మూడు పేటలతో ఉంటుంది.

1. అప్పు: ముందుగా అడ్వాన్సు ఇచ్చి, అది తీరేవరకు కదలనివ్వకపోవడం.
2. కాగితాలు: పాస్‌పోర్టు, ఆధార్, బ్యాంకు పుస్తకం తీసుకుని దాచడం.
3. భయం: కొట్టడం, పోలీసులకు పట్టిస్తామనడం, ఊళ్లో ఉన్నవారికి హాని చేస్తామనడం.

మన పెద్దలకు ఇది కొత్త కాదు. నిజాం కాలంలో తెలంగాణ పల్లెల్లో సాగిన వెట్టి చాకిరీ గురించి వారు చెప్పగా మనం విన్నాము. అప్పు కింద పిల్లవాణ్ణి దొర ఇంట జీతానికి పెట్టడం, తండ్రి అప్పుకు కొడుకు పాలేరుగా ఉండటం కూడా ఆ తాడే. పాలమూరు కూలీలు మేస్త్రీల దగ్గర అడ్వాన్సు తీసుకుని దూర రాష్ట్రాల ప్రాజెక్టు పనులకు వెళ్లిన కథలు ఇంకా ఎందరికో జ్ఞాపకం ఉన్నాయి.

ఒక లెక్క చూద్దాం

నేడు మన కళ్లెదుట ఉన్న ఉదాహరణ ఇటుక బట్టీ. ఒడిశాలోని బలంగీర్, నువాపడ, కలహండి జిల్లాల నుండి ఎన్నో కుటుంబాలు తెలుగు ప్రాంతాల బట్టీలకు వస్తాయి. అక్కడ నువాఖాయి పండుగ తరువాత మధ్యవర్తి అడ్వాన్సు పంచుతాడు. భార్య, భర్త, పిల్లలు కలిసి వచ్చి, వానలు పడేవరకు పని చేస్తారు. వారం వారం తిండి ఖర్చులకు కొంత ఇస్తారు. కూలి మాత్రం వెయ్యి ఇటుకల లెక్కన రాసుకుని, సీజను చివరిలోనే లెక్క తేలుస్తారు.

ఇందులో చిక్కు ఎక్కడుందో తెలియడానికి ఒక ఉదాహరణ లెక్క వేద్దాము. అంకెలు అర్థం కావడానికి మాత్రమే తీసుకున్నవి. కుటుంబం 50,000 రూపాయల అడ్వాన్సు తీసుకుంది. 26 వారాలకు, వారానికి 1,000 చొప్పున తిండి ఖర్చు 26,000. తీర్చవలసింది మొత్తం 76,000. వెయ్యి ఇటుకలకు 600 రూపాయలు. రోజుకు 800 ఇటుకలు, వారానికి ఆరు రోజులు చేస్తే 156 రోజులకు వచ్చే కూలి 74,880. అంటే ఒక్క రోజు కూడా మంచం పట్టకుండా ఆరు నెలలు పని చేసినా 1,120 రూపాయలు బాకీ మిగిలింది. మధ్యలో ఇంట్లో ఒకరికి జ్వరం వచ్చి ఒక వారం పని ఆగిందనుకోండి. 2,880 రూపాయల కూలి పోయింది. బాకీ 4,000 అయింది. ఆ బాకీతో వచ్చే సంవత్సరం మళ్లీ రావాలి.

కుటుంబం తాగి తగలేయలేదు, సోమరితనం చేయలేదు. ఒక్క వారం జ్వరం చాలు. అందుకే ఇలాంటి చోట తల్లి జ్వరంతోనే మట్టి తొక్కుతుంది, గర్భిణి నెలలు నిండేవరకు ఇటుకలు మోస్తుంది, పిల్లవాడు బడికి బదులు ఇటుకలు తిప్పుతాడు.

మాట తప్పితే ఏమవుతుందన్న భయం కూడా వట్టిది కాదు. 2013 డిసెంబరులో కలహండి జిల్లాకు చెందిన ఇద్దరు కూలీల కుడి చేతులను, అడ్వాన్సు తగాదాలో, కాంట్రాక్టరు మనుషులు నరికివేశారు. ఆ విషయాన్ని సుప్రీంకోర్టు తనంతట తానే విచారణకు తీసుకుంది.

ఇతర దేశాలలో

దేశం మారినా తాడు మారదు.

బ్రెజిల్: అడవులు కొట్టి పశువుల క్షేత్రాలు వేసే చోట కూలీలను దూరం నుండి తెస్తారు. దారి ఖర్చు, బూట్లు, పనిముట్లు, తిండి అన్నీ యజమాని దుకాణంలో అప్పు రాస్తారు. ఈ బానిసత్వం తమ దేశంలో ఉందని 1995లో ఆ ప్రభుత్వమే ఒప్పుకుని తనిఖీ బృందాలను ఏర్పాటు చేసింది. అప్పటి నుండి 60,000 మందికి పైగా విడుదలయ్యారు.

సముద్రం మీద: థాయిలాండ్ చేపల వేటకు మోసంతో తెచ్చిన మయన్మార్ తదితర దేశాల కూలీలను ఇండోనేషియాలోని బెంజినా అనే ద్వీపంలో బందీలుగా ఉంచిన సంగతి 2015లో పత్రికా విలేఖరులు బయటపెట్టారు. ఆ సంవత్సరం 2,000 మందికి పైగా బయటపడ్డారు. చుట్టూ నీరే గోడ అయినప్పుడు వేరే సంకెళ్లు దేనికి?

మారిటానియా: ఈ ఆఫ్రికా దేశంలో బానిసత్వం పుట్టుకతోనే వచ్చేది. తల్లి బానిస అయితే బిడ్డ కూడా బానిసే. 1981లో రద్దు చేశారు. కానీ బానిసను ఉంచుకోవడం నేరమని చట్టం చేయడానికి 2007 వరకు పట్టింది.

గల్ఫ్ దేశాలు: ఇది మన ఇళ్ల కథ. కడప, గోదావరి జిల్లాల నుండి స్త్రీలు కువైట్‌కు ఇంటిపనికి, నిజామాబాద్, కరీంనగర్, జగిత్యాల వైపు నుండి పురుషులు కట్టుబడి పనులకు వెళ్లడం మనకు తెలుసు. చాలామంది క్షేమంగా సంపాదించుకుని వస్తారు. అయితే కఫాలా పద్ధతిలో పనివాని వీసా యజమాని చేతిలో ఉంటుంది. యజమాని చెడ్డవాడైతే పని మానలేరు, దేశం విడవలేరు. చట్టాలు కొంత మారాయి. కువైట్ 2015లో ఇంటిపనివారికి వారానికి ఒక రోజు సెలవు, రోజుకు 12 గంటలకు మించని పని అని చట్టం చేసింది. ఖతర్ 2020లో యజమాని అనుమతి లేకుండా పని మారే వీలు కల్పించింది. కానీ తలుపులు మూసిన ఇంట్లో ఒంటరిగా ఉన్న స్త్రీకి ఆ చట్టం చెప్పేవారెవరు?

కంబోడియా, మయన్మార్: ఇక్కడ చిక్కుకునేది చదువుకున్న యువకులు. డేటా ఎంట్రీ ఉద్యోగమని తీసుకువెళ్లి, పాస్‌పోర్టు లాక్కుని, ఫోనులో ప్రజలను మోసగించే పని చేయిస్తారు. మయన్మార్‌లో కనీసం 1,20,000 మంది, కంబోడియాలో సుమారు లక్ష మంది ఇలా ఉండవచ్చునని ఐక్యరాజ్య సమితి మానవ హక్కుల కార్యాలయం 2023లో తెలిపింది. మన యువకులను ఇలా పంపిన ఏజెంట్లను 2024లో విశాఖపట్నం పోలీసులు అరెస్టు చేశారు.

ఒక మంచి వార్త కూడా చెప్పాలి. ఉజ్బెకిస్తాన్‌లో ప్రతి శరదృతువులో ప్రభుత్వమే ప్రజలను పత్తి ఏరడానికి పంపేది. విద్యార్థులు, ఉపాధ్యాయులు, చివరికి డాక్టర్లు, నర్సులు కూడా వార్డులు వదిలి చేలకు వెళ్లవలసి వచ్చేది. ప్రపంచమంతటా అభ్యంతరం వచ్చింది, అనేక బట్టల కంపెనీలు ఆ పత్తిని మానుకున్నాయి. 2021 పంటలో ఆ వ్యవస్థ ముగిసిందని అంతర్జాతీయ కార్మిక సంస్థ తేల్చింది. కనుక ఇది మారని రాత కాదు.

శరీరం మీద దీని గుర్తులు

ఇలాంటి పని చేసినవారిలో కనిపించే జబ్బులు: ఎండదెబ్బ, నీరు చాలక మూత్రపిండాల బాధలు, దుమ్ము వల్ల ఊపిరితిత్తుల జబ్బు, ముదిరిన క్షయ, నడుము నొప్పి, కాలిన గాయాలు, మరుగుదొడ్డి లేక స్త్రీలకు మూత్రంలో ఇన్‌ఫెక్షన్, గర్భిణులలో రక్తహీనత, టీకాలు పడని పిల్లలు. నిద్ర పట్టకపోవడం, చిన్న శబ్దానికే ఉలిక్కిపడటం కూడా గుర్తులే.

నర్సులుగా మేము జబ్బుతో పాటు మరికొన్ని గమనిస్తాము. రోగిని అడిగిన ప్రశ్నకు పక్కనున్న మేస్త్రీయే జవాబు చెప్పడం. రోగి దగ్గర ఒక్క గుర్తింపు కార్డు కూడా లేకపోవడం. ఏ ఊళ్లో పని చేస్తున్నారో చెప్పలేకపోవడం. గాయం ఎలా తగిలిందో చెప్పడానికి భయపడటం. కుట్లు ఆరకముందే తీసుకుపోతామని తొందరపెట్టడం. అలాంటప్పుడు కట్టు మార్చే గదిలో రోగితో ఒంటరిగా, వారి భాష తెలిసినవారి సహాయంతో మాట్లాడాలి. "మీరు ఇంటికి వెళ్లాలనుకుంటే వెళ్లగలరా?" అని మెల్లగా అడగాలి. మేస్త్రీ ఎదుట ఆ ప్రశ్న అడిగితే రోగికే ప్రమాదం. మీ పొరుగున అలాంటివారు ఉంటే మీరు కూడా ఈ జాగ్రత్తే పాటించండి.

చట్టం ఏమి చెబుతుంది?

రాజ్యాంగం 23వ అధికరణం మనుషుల అమ్మకాన్ని, వెట్టిని నిషేధించింది. 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం ప్రకారం అలాంటి అప్పు రద్దయిపోతుంది. దానిని తీర్చనక్కరలేదు. అది వెట్టి అప్పు కాదని రుజువు చేయవలసినది యజమానే. నేరానికి మూడేళ్ల వరకు జైలు. కత్తి చూపడమే బలవంతం కాదు, ఆకలి, పేదరికం చేసే ఒత్తిడి కూడా బలవంతమేనని, కనీస వేతనం కన్నా తక్కువకు పని చేయించుకోవడం బలవంతపు పనేనని సుప్రీంకోర్టు 1982లో చెప్పింది. ఫిర్యాదు కలెక్టరుకు గాని, ఆర్డీఓకు గాని చేయవచ్చు. విడుదలైనవారు విడుదల పత్రం తప్పక అడిగి తీసుకోవాలి. పునరావాస సహాయానికి అదే ముఖ్యమైన ఆధారం.

మనం ఏమి చేయాలి?

1. రోగం ముదరకముందే రండి. తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ కింద మీ జబ్బుకు వైద్యం ఉందేమో అడగండి. క్షయకు మందులు ప్రభుత్వమే ఉచితంగా ఇస్తుంది. మేస్త్రీ అడ్వాన్సు కన్నా ముందు ఈ తలుపులు తట్టండి.
2. అడ్వాన్సు తీసుకుంటే ఎంత, రేటు ఎంత, లెక్క ఎప్పుడు తేలుస్తారు అన్నది రాయించుకోండి. వారం వారం మీ లెక్క మీరు రాసుకోండి.
3. విదేశానికి వెళ్లేముందు ఏజెంటుకు భారత ప్రభుత్వ రిజిస్ట్రేషన్ ఉందో లేదో ఈ-మైగ్రేట్‌లో చూడండి. విజిట్ వీసా మీద, ఆజాద్ వీసా మీద పనికి వెళ్లకండి.
4. పాస్‌పోర్టు, వీసా, ఒప్పందం జిరాక్సులు ఇంట్లో ఉంచండి. ఏదైనా కష్టం వస్తే ఫోనులో చెప్పడానికి ఇంటివారితో ఒక గుర్తు మాట పెట్టుకోండి.
5. సహాయానికి: పిల్లల కోసం 1098, స్త్రీల కోసం 181, అత్యవసరానికి 112.

ఇంటిల్లిపాది చర్చించుకోవడానికి ప్రశ్నలు

మన ఇంటికి వచ్చిన ఇటుకలు ఎవరు చేశారో మనకు తెలుసా? మన ఇంట్లో పని చేసే అమ్మాయి వయసెంత, ఆమె బడికి వెళ్లవలసినది కాదా? మనం ఎవరికైనా ఇచ్చిన అప్పుకు బదులుగా పని చేయించుకుంటున్నామా? మన వీధిలో వైద్యం ఖర్చుకు తల్లడిల్లుతున్న కుటుంబం ఏది?

చివరి ప్రశ్నకు జవాబు ముందుగా వెదకండి. సంఘ పెద్దలు, స్త్రీల సమాజం కలిసి ఒక కుటుంబానికి మందుల ఖర్చు సర్దినా, ఆరోగ్య పథకం కాగితాలు దగ్గరుండి చేయించినా, ఆ ఇంటివారు మేస్త్రీ ముందు చేయి చాపే అవసరం తప్పుతుంది. అప్పు పుట్టకముందు ఆపడం, అప్పులో పడ్డవారిని విడిపించడం కన్నా ఎంతో సులువు.