వేసవి ఆరంభంలో గండికోట యాత్ర: ప్రణాళికా పాఠం

బెంగళూరుకు ఉత్తరాన, నందికొండల ప్రాంతంలో పుట్టిన పెన్నా నది గౌరీబిదనూరు మీదుగా ఆంధ్రదేశంలోకి ప్రవేశిస్తుంది. హిందూపురం పరిసరాలను, అనంతపురం, కడప సీమలను దాటి, నెల్లూరుకు తూర్పున బంగాళాఖాతంలో కలుస్తుంది. దీనికే ఉత్తర పినాకిని అని పేరు. దాదాపు 597 కిలోమీటర్ల ఈ ప్రస్థానంలో, వైఎస్సార్ కడప జిల్లా జమ్మలమడుగు మండలంలో, ఎర్రమల కొండలను కోసుకొని నది ఏర్పరచుకొన్న దారియే గండికోట లోయ. కొండల నడుమ నీరు చేసుకొన్న తెరపిని తెలుగువారు గండి అంటారు. ఆ గండి అంచున వెలసిన కోట గనుక గండికోట అయింది.

బెంగళూరు నుంచి ఈ చోటు సుమారు 280 కిలోమీటర్లు. పిల్లల పరీక్షలు ముగిసే మార్చి చివర, ఏప్రిల్ మొదట నగరంలోని అనేక కుటుంబాలు రెండు రోజుల విహారానికి ఈ లోయను ఎంచుకొంటాయి. ఆ వేళకే రాయలసీమలో ఎండ ముదురుతుంది. కనుక ఆ యాత్రను ఏ కొలతతో లెక్కించుకోవాలో తెలుసుకోవడమే ఈ పాఠం ఉద్దేశం.

లోయ, కోట

కోట వెనుక బండల మీద నిలిస్తే సుమారు 300 అడుగుల దిగువన నది కనిపిస్తుంది. ఇరువైపులా పలకలు పేర్చినట్లుండే ఎర్రని బండలు ఇసుకరాయి గట్టిపడి ఏర్పడిన క్వార్ట్‌జైట్ శిలలు. వాటి వయస్సు వంద కోట్ల సంవత్సరాలకు పైబడినది.

విజయనగర కాలంలో ఈ దుర్గం పెమ్మసాని నాయకుల అధీనంలో ఉండేది. 1650లో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా దీనిని వశపరచుకొన్నాడు. 1652లో ఫ్రెంచి రత్నవర్తకుడు టావెర్నియే ఆయనను చూడడానికి ఇక్కడికి వచ్చాడు. మాధవరాయ ఆలయం, రంగనాథాలయం, జామియా మసీదు, ధాన్యాగారం నేటికీ నిలిచి ఉన్నాయి. వాటితోపాటు రాయలచెరువును కూడా తప్పక చూడాలి. మూడు వైపులా కొండ, ఒక వైపు లోతైన లోయ ఉన్న దుర్గం ఎంత బలమైనదైనా, లోపల నీరు లేనిదే ముట్టడికి నిలవదు. కోటను కట్టినవారు గోడలతోపాటు నీటినీ లెక్కించుకొన్నారు. నేటి యాత్రికుడు నేర్చుకోవలసిన మొదటి పాఠం అదే.

ఎండను అంచనా వేయడం

బెంగళూరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్నది. జమ్మలమడుగు మైదానం అందులో సగం ఎత్తున కూడా లేదు. ఎత్తు వంద మీటర్లు తగ్గితే ఉష్ణోగ్రత సగటున అర డిగ్రీకి పైగా పెరుగుతుంది. దీనికి రాయలసీమ పొడిగాలి, పగలంతా కాగిన బండల సెగ తోడవుతాయి. బెంగళూరులో 34 డిగ్రీలకే అబ్బా అనుకొనే శరీరానికి అక్కడ 40 డిగ్రీలు కొత్త అనుభవం. కొత్త వేడికి శరీరం అలవాటు పడడానికి ఒకటి రెండు వారాలు పడుతుంది. రెండు రోజుల యాత్రలో ఆ వ్యవధి దొరకదు.

అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో కొలరాడో నది చెక్కిన గ్రాండ్ కేన్యన్ ఇదే విషయాన్ని పెద్ద అక్షరాలలో చెబుతుంది. 1919లో జాతీయ ఉద్యానవనంగా ప్రకటించిన ఆ లోయ లోతు సుమారు 1,600 మీటర్లు. పైన చల్లగా ఉన్నదని ఉత్సాహంగా దిగినకొద్దీ వేడి పెరుగుతుంది. తిరిగి ఎక్కవలసిన వేళకు ఓపిక తరుగుతుంది. అందుకే అక్కడి అధికారులు వేసవిలో ఉదయం 10 నుంచి సాయంత్రం 4 వరకు లోయలో నడవవద్దని చెబుతారు. గండికోటను కొందరు భారతదేశపు గ్రాండ్ కేన్యన్ అంటారు. ఆ పోలికను వాడుకొనేవారు ఆ నియమాన్ని కూడా స్వీకరించడం మంచిది. బెంగళూరు పీఠభూమి నుంచి పెన్నా తీరానికి వెళ్లడం కూడా ఒక విధంగా చల్లని అంచు నుంచి వేడి లోయలోకి దిగడమే.

రెండు ప్రణాళికలు

ఒక కుటుంబాన్ని ఊహించుకొందాం. యశవంతపురంలో నివసించే దంపతులు, పదేళ్ల కూతురు, ఏడేళ్ల కొడుకు, 68 ఏళ్ల నాయనమ్మ. ఆమె పుట్టిల్లు జమ్మలమడుగు ప్రాంతం. రక్తపోటుకు మాత్రలు వాడుతున్నది. చిన్ననాడు చూసిన గండిని మనుమలకు చూపించాలని ఆమె కోరిక.

మొదటి ప్రణాళిక కొడుకు వేసినది. తెల్లవారుజామున 4 గంటలకు బయలుదేరి, 10 గంటలకు చేరి, కోటంతా చూసి, మధ్యాహ్నం 3 గంటలకు తిరుగుముఖం పట్టడం. కాగితం మీద ఇది పొదుపైనది, గది అద్దె లేదు. కాని బయట తిరిగే గంటలన్నీ ఎండ తీవ్రంగా ఉండే గంటలే. “అమ్మా, నువ్వు తట్టుకోలేవు, ఈసారికి ఇంట్లోనే ఉండు” అని కొడుకు అనవలసి వచ్చింది. “అత్తయ్యను వదిలి వెళ్లే బదులు వేళలు మార్చుకొందాం” అని కోడలు అన్నది. ఆ మాటతో రెండవ ప్రణాళిక పుట్టింది.

అందులో శనివారం ఉదయం 9 గంటలకు బయలుదేరుతారు. చిక్కబళ్లాపురం, బాగేపల్లి మీదుగా సాగి, ఎండ తీవ్రంగా ఉండే వేళను వాహనంలోనూ భోజనశాలలోనూ గడుపుతారు. నాలుగు గంటలకు గండికోట చేరి, రాష్ట్ర పర్యాటకాభివృద్ధి సంస్థ నడిపే హరిత హోటల్‌లో ముందుగా తీసుకొన్న గదిలో విశ్రమిస్తారు. సాయంత్రం 5 నుంచి 6.30 వరకు లోయ అంచున సూర్యాస్తమయం చూస్తారు. ఆదివారం సూర్యోదయం సుమారు 6.10కి. అప్పటి నుంచి 8.30 వరకు ఆలయాలు, మసీదు, ధాన్యాగారం చూసి, 10 గంటలలోపు బయలుదేరుతారు. దూరం మారలేదు, చూసే స్థలాలు తగ్గలేదు. గంటలు మాత్రమే మారాయి. నాయనమ్మ వెంట వెళ్లగలిగింది.

ప్రయాణాన్ని బృందంలో అందరికంటే బలహీనమైన వ్యక్తి శక్తిని బట్టి నిర్ణయించాలన్నది ఈ ఉదాహరణ సారాంశం.

బస్సులో వెళ్లేవారికి జమ్మలమడుగు నుంచి గండికోట సుమారు 15 కిలోమీటర్లు. రైలులో వెళ్లేవారు గుంతకల్లు–రేణిగుంట మార్గంలోని ముద్దనూరులో దిగవచ్చు. తిరుగుప్రయాణంలో బెలుం గుహలు చూడదలచినవారు అక్కడ చల్లదనాన్ని ఆశించకూడదు. 3,229 మీటర్ల పొడవున్న ఆ గుహల లోపల గాలి ఉక్కగా ఉండి చెమట పట్టిస్తుంది. ఆయాసం ఉన్నవారు మానుకోవడమే మేలు.

నీటి లెక్క

ఎండలో నడిచే పెద్దవారికి గంటకు అర లీటరు నుంచి ముప్పావు లీటరు వరకు నీరు అవసరం. పై కుటుంబం రెండు రోజులలో కలిపి సుమారు నాలుగు గంటలు బయట నడుస్తుంది. ఐదుగురికి, నాలుగు గంటలకు, ఈ లెక్కన 10 నుంచి 15 లీటర్లు కావాలి. పిల్లలకు కొంత తక్కువ చాలినా, మిగులు ఉండడమే క్షేమం. కనుక ఇంట్లో వాడే 20 లీటర్ల క్యాను ఒకటి వాహనంలో పెట్టుకొని, నడకకు సీసాలు నింపుకొంటే సరిపోతుంది. చిన్న ప్లాస్టిక్ సీసాలు కొని లోయ అంచున వదిలివేసే అవసరం కూడా ఉండదు.

దాహం వేసేదాకా ఆగక, కొద్దికొద్దిగా తరచు తాగాలి. చెమటతో ఉప్పు కూడా పోతుంది గనుక ఉప్పు వేసిన మజ్జిగ గాని, ఓఆర్ఎస్ ద్రావణం గాని తీసుకోవాలి. పొట్లం లేనప్పుడు లీటరు శుభ్రమైన నీటిలో ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు, రెండింటినీ తలకొట్టి కొలిచి, కలపవచ్చు. రక్తపోటు, గుండె, మూత్రపిండాల వ్యాధులు, మధుమేహం ఉన్నవారు ఎంత నీరు, ఎంత ఉప్పు తీసుకోవాలో బయలుదేరే ముందే వైద్యుని అడగాలి. రక్తపోటు మాత్రలలో కొన్ని శరీరంలోని నీటిని బయటకు పంపుతాయి.

అంచు దగ్గర

లోయ అంచు పొడవునా కంచె ఉండదు. కొన్ని బండలు కదులుతాయి. ఫొటో కోసం వెనుకకు అడుగు వేయరాదు. పిల్లల చేయి విడవరాదు. చెప్పుల కంటె పట్టు ఉన్న బూట్లు నయం. చీకటి పడకముందే బండల మీదనుంచి దిగిరావాలి. లోయ సమీపంలో గండికోట జలాశయం, దాని దిగువన మైలవరం జలాశయం ఉన్నాయి. నీటిమట్టం మారుతూ ఉంటుంది గనుక ఈతకు దిగడం ప్రాణాపాయం. ఆగి ఉన్న కారులో పిల్లలను గాని వృద్ధులను గాని కొద్ది నిమిషాలు కూడా ఉంచరాదు.

శరీరం ఇచ్చే హెచ్చరికలు

తలనొప్పి, కళ్లు తిరగడం, వికారం, కండరాలు పట్టేయడం మొదటి సూచనలు. అప్పుడు నడక ఆపి, నీడలో పడుకోబెట్టి, బట్టలు వదులు చేసి, తడిగుడ్డతో తుడిచి, విసిరి, నీరు కొద్దికొద్దిగా పట్టాలి. మాట తడబడినా, మనుషులను గుర్తించకపోయినా, స్పృహ తప్పినా అది వడదెబ్బ. వెంటనే 108కి ఫోన్ చేసి, వాహనం వచ్చేలోగా ఒంటిమీద నీరు పోసి విసురుతూ చల్లబరచాలి. స్పృహ లేనివారి నోట నీరు పోయరాదు.

బయలుదేరే ముందురోజు భారత వాతావరణ శాఖ, ఆంధ్రప్రదేశ్ విపత్తుల నిర్వహణ సంస్థ ఇచ్చే వడగాలుల హెచ్చరికలు చూడాలి. ఆ మండలానికి హెచ్చరిక ఉంటే యాత్రను వాయిదా వేయాలి. లోయ ఎక్కడికీ పోదు. వానలు పడిన తరువాత కూడా పెన్నా అదే గండిలో ఉంటుంది.

అభ్యాసం

1. మీ కుటుంబంలో ఎండకు అందరికంటే ముందు అలసిపోయేవారు ఎవరు? వారిని ముందుంచుకొని యాత్ర వేళలను రాయండి.

2. మీరు బయట నడిచే గంటలను, మనుషుల సంఖ్యను గుణించి, కావలసిన నీటిని లెక్కించండి.

3. మొదటి ప్రణాళికలో పొదుపు ఎంత, ప్రమాదం ఎంత? ఇంట్లోని పెద్దలతో, పిల్లలతో కలిసి చర్చించండి.